మెరక వాటా

ఆరో నమోదు

దెబ్బ తగిలి పనికి పోలేనివాళ్లు వారానికోసారి దినచర్య రాసి పంపాలని నీలిపంట కంపెనీ నియమం పెట్టింది. ఎలా ఉన్నారు, ఎంతవరకు కోలుకున్నారు, మనసు ప్రశాంతంగా ఉందా అని అడుగుతారు. రాయకపోతే ఆ వారం గాయభత్యం రాదు. అందుకని రాస్తున్నాను. చదివేది మనిషో యంత్రమో నాకు తెలియదు. ఎవరైనా సరే, ఇంతకంటే గౌరవమైన పని దొరకనందుకు వాళ్ల మీద నాకు జాలిగా ఉంది.

నా పేరు ఓలేటి నూకరత్నం. సముద్రం మీద తేలే ఎనిమిదో పంటు మీద, నాచు కోతలో మోకులు చుట్టి లాగే వించి నడిపేదాన్ని. మొన్న వేసవిలో మోకు తెగి, ఎడమ చెయ్యి కప్పీలో పడి నలిగింది. మూడు వేళ్లు ముడుచుకోవు. మనసు ప్రశాంతంగా ఉంది.

ఉదయం మామూలుగానే గడిచింది. మంచం కోళ్ల మీద పేరుకున్న ఉప్పు తుడిచాను. ఆవిరి పెట్టె కింద పట్టిన మంచినీళ్లు బిందెలోకి వంపాను. నాతో గది పంచుకునే సూరమ్మకు గంజి తాగించాను. సూరమ్మ వలలు కట్టేది. పైనుంచి ఇనుప దూలం జారి మెడ మీద పడింది. మెడ కింద ఏదీ కదలదు. ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. నోరు మాత్రం బ్రహ్మాండంగా కదులుతుంది. అందుకే మా ఇద్దరికీ పొసగింది.

మధ్యాహ్నం సంక్షేమ అధికారి యశస్వి బిస్కెట్లు పట్టుకొచ్చాడు. ఆయన బిస్కెట్లు తెచ్చాడంటే మాకు ఏదో ఒకటి పోయిందని అర్థం. కుర్చీ చివర కూర్చుని, గొంతు తగ్గించి, పసిపిల్లకు మందు తాగించేవాడిలా మొదలుపెట్టాడు.

"అమ్మా, మెరక వాటా అనేది జీతంతో పాటు నడిచేది. మీరిప్పుడు తీసుకుంటున్నది జీతం కాదు, భత్యం. కాబట్టి ఈ కోలుకునే కాలానికి కంపెనీ వాటా వర్తించదు."

"ఆపేసేరన్నమాట," అన్నాను.

"ఆపలేదమ్మా. వర్తించదు."

"మా వంతు మేం కట్టుకుంటాం. మీ వంతు మీరు వెయ్యండి."

"మీ వంతు కూడా జీతంలోంచే కదమ్మా పడేది. జీతం లేనప్పుడు అదీ వర్తించదు."

సూరమ్మ మంచం మీదనుంచి, "బాబూ, ఆ బిస్కెట్లు వర్తిస్తాయా, అవీ పట్టుకుపోతారా?" అంది.

యశస్వి నవ్వాడు. మమ్మల్ని అర్థం చేసుకున్నాననే నవ్వు. ఆ నవ్వుకు కూడా ఆయనకు జీతం ఉంటుంది, ఆ జీతానికి వాటా ఉంటుంది.

ఏడో నమోదు

పోయిన వారం రాసింది మీకు అర్థం కాలేదని, "మెరక వాటా మీకు ఎందుకు ముఖ్యం? వివరించండి" అని ప్రశ్న వచ్చింది. మీరు ఉండేదే మెరక మీద. ఫ్యాను కింద పొడి చొక్కా వేసుకుని కూర్చుని అడుగుతున్నారు. సరే, వివరిస్తాను.

సముద్రం లోపలికి వచ్చి లంకలన్నీ మునిగాక మిగిలిన పొడినేల కొండల పైన ఉంది. అదే మెరక. అక్కడ ఒక గది కావాలంటే వాటా నిండాలి. నెల నెలా మా జీతంలోంచి కొంత పడుతుంది, కంపెనీ దానికి అంతే కలుపుతుంది. అరవై నిండేసరికి వాటా నిండినవాళ్లు బోటెక్కి మెరకకు పోతారు. నిండనివాళ్లు పంటు కింది అంతస్తులో, నీటిమట్టానికి దిగువన, ముసలివాళ్లకు కట్టిన గదుల్లో ఉంటారు. ఆ గదులకు సాగర విశ్రాంతి అని పేరు పెట్టారు. గోడలు ఏడాది పొడుగునా చెమరుస్తాయి. దుప్పటి పిండితే నీళ్లు వస్తాయి. పేరు పెట్టినవాణ్ని ఒక్క వానాకాలం అందులో పడుకోబెడితే బాగుంటుందని నా మనసు ప్రశాంతంగా కోరుకుంటోంది.

కామాడి దానియేలుకు క్రిస్మస్ దాటితే అరవై నిండుతాయి. మా పంటు మీద అందరికీ అన్న వరస. ఆరబెట్టే గదిలో పనిచేసేవాడు. గ్యాసు గొట్టం పగిలి ఆ గాలి పీల్చాడు. అప్పటినుంచి దగ్గు. తెర మీద కనిపించే డాక్టరు, పొడినేల మీదకు పోతే ఇంకా చాలాకాలం బతుకుతాడని, నీళ్ల మీదే ఉంటే వచ్చే వానాకాలం దాటడని చెప్పాడు. దానియేలుకు భార్య పోయింది, పిల్లల్లేరు. వాటా దాదాపు నిండింది. దెబ్బ తగలకుండా ఉంటే ఈపాటికి నిండిపోయేది.

"ఇన్నాళ్లు వేసేరు కదా, ఈ కాస్తా వెయ్యలేరా?" అని దానియేలు యశస్విని అడిగాడట.

"మీ బాధ నేను గుర్తించాను దానియేలు గారూ," అన్నాడట యశస్వి.

గుర్తించాడట. పాపం, ఎంత శ్రమపడ్డాడో.

తొమ్మిదో నమోదు

మీరు వ్యాయామం గురించి రాయమన్నారు. రాస్తున్నాను.

రోజూ ఉదయం మమ్మల్ని వ్యాయామ గదిలో కూర్చోబెడతారు. ఎదురుగా తెర, చేతికి సన్నని తీగలున్న గ్లౌజు. తెర మీద ఎర్ర దారాలు, ఆకుపచ్చ దారాలు ఊగుతూ ఉంటాయి. ఎర్రవాటిని వేళ్లతో పట్టి తెంపాలి, ఆకుపచ్చవాటిని వదలాలి. చంటిపిల్లల ఆట. నాకు దెబ్బ తగిలింది ఎడమ చేతికైతే గ్లౌజు కుడిచేతికి తొడుగుతారు. మంచి చెయ్యి చేసేది చూసి దెబ్బ చెయ్యి నేర్చుకుంటుందని యశస్వి చెప్పాడు. నాకు నచ్చకపోయినా నమ్మాను.

దానియేలుకు కూడా గ్లౌజు ఇచ్చారు. దెబ్బ తగిలింది ఊపిరితిత్తులకు.

"చెయ్యి ఆడితే ఊపిరి ఆడుద్దంట చెల్లెమ్మా," అని దానియేలు నాతో అన్నాడు. ఒక్క రోజు మానడు. పొద్దున్న మొదలుపెడితే భోజనం గంట కొట్టేదాకా తెంపుతూనే ఉంటాడు. బుద్ధిగా చేస్తే తొందరగా పనిలోకి తీసుకుంటారనీ, వాటా మళ్లీ మొదలవుతుందనీ ఆశ. నేను అంత బుద్ధిమంతురాలిని కాను. సగం రోజులు పోను. పోయినా సగంలో లేచి వచ్చేస్తాను.

ఈ మంగళవారం నాకు ఒళ్లు మండింది. వాటా గురించి పెట్టుకున్న అర్జీకి, "మీ అభిప్రాయం మాకు విలువైనది" అని జవాబు వచ్చింది. ఆ కోపంలో గ్లౌజు తొడుక్కుని, ఎర్రవి వదిలేసి ఆకుపచ్చవన్నీ తెంపడం మొదలుపెట్టాను. బాగా హాయిగా ఉంది. వించి మానేశాక అంత తృప్తిగా దేన్నీ లాగలేదు.

కాసేపటికి మెట్ల మీద ధబధబమని చప్పుడు. యశస్వి పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఒక కాలికే చెప్పు ఉంది. చొక్కా చెమటతో తడిసిపోయింది.

"నూకరత్నం గారూ! ఆకుపచ్చవి వదలండి, దయచేసి! ఆకుపచ్చవి ముట్టుకోకండి!"

అంతవరకు ఆయన గొంతు పెంచగా నేను వినలేదు.

"ఎందుకండీ? ఆటే కదా," అన్నాను.

"అంటే… మీ వేళ్లకి మంచిది కాదమ్మా."

"కుడిచేతి వేళ్లకా? వాటికి దెబ్బే తగల్లేదు కదండి."

 ఆయన తెర ఆర్పేసి, ఈ రోజుకు విశ్రాంతి తీసుకోమన్నాడు. పోతూ పోతూ రెండో చెప్పు వెతుక్కున్నాడు. అది మెట్ల మీద పడి ఉంది.

పదో నమోదు

యశస్వి పరుగు సంగతి ఆ రాత్రే భోజనాల దగ్గర అందరికీ చెప్పాను. తర్వాతి ఉదయం వ్యాయామ గదిలో ఉన్నవాళ్లమందరం ఒక మాట అనుకున్నాం. గ్లౌజులు తొడుక్కుంటాం, తెర ముందు కూర్చుంటాం, ఒక్క దారం తెంపం. దానియేలు భయపడ్డాడు. అయినా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

పదకొండో పంటు సంగతి మీకు తెలిసే ఉంటుంది. మనుషులే లేని పంటు. అంతా యంత్రాలే. అక్కడి నాచును "మనిషి చెయ్యి పడని నాచు" అని మెరక మీద రెట్టింపు ధరకు అమ్ముతారు. మురికి నీళ్లలో కోతకొచ్చిన నాచునూ లేత నాచునూ వేరుచేసే తెలివి తమ యంత్రానికే ఉందని కంపెనీ వాళ్లు ఊరూవాడా చెప్పుకుంటారు. అక్కడి సరుకు మోసే బోటు రోజూ మధ్యాహ్నం మా పంటు దగ్గర ఆగుతుంది.

ఆ రోజూ ఆగింది. ఖాళీగా ఉంది.

"సరుకేదయ్యా?" అని పైనుంచి కేకేశాను.

"లేదక్కా," అన్నాడు బోటు నడిపేవాడు. "పొద్దుటినుంచి కత్తులన్నీ గాల్లో లేసి అలాగే నిలబడిపోయాయంట. నిన్నైతే మరీ గోరం. లేత నాచంతా నరికి పారేసింది. మిషనుకి పిచ్చెక్కిందని మేస్త్రీలు తలలు పట్టుకు కూర్చున్నారు."

నా పక్కన నిలబడ్డ దానియేలు తన కుడిచెయ్యి పైకెత్తి చూసుకున్నాడు. వేళ్లు ఒక్కొక్కటీ ముడిచాడు, చాచాడు.

"ఇన్నాళ్లూ నేను పని చేసేనా?" అన్నాడు.

"చేసేవన్నా. అందరికంటే ఎక్కువ నువ్వే చేసేవు."

అతను గట్టిగా నవ్వాలనుకున్నాడు. దగ్గు వచ్చింది.

గదికి వచ్చి సూరమ్మకు చెప్పాను.  వినగానే, "ఓలమ్మో, దెబ్బ తగిలినోళ్ల సేతుల్తో పని సేయించుకుని, పని సెయ్యట్లేదని వాటా ఆపేరా! ఇంత తెలివైనోళ్లు ఎక్కడ పుడతారక్కా?" అంది.

మెరక మీదే పుడతారని చెప్పాను.

ఈ నమోదు మీరు చదువుతున్నారని తెలిసే రాస్తున్నాను. కార్మిక తీర్పరి దగ్గర దావా వేశాం. దాచాల్సిన పని మాకు లేదు.

పన్నెండో నమోదు

మీ లాయరు జవాబు వచ్చింది. నేను ఎంత చులకనగా చూసినా కంపెనీ తెలివిని తక్కువ అంచనా వేశానని ఒప్పుకుంటాను. గ్లౌజుతో చేసింది పనే అని మేమంటే, పనిచేస్తూ గాయభత్యం తీసుకున్నట్టు లెక్క అవుతుందట. పనిచేసేవాళ్లకు గాయభత్యం రాదు కాబట్టి తీసుకున్నదంతా వెనక్కి కట్టాలట. అది పని కాదని ఒప్పుకుంటే ఏ గొడవా లేదట.

చెయ్యి నలిపారు. మిగిలిన చేతిని వాడుకున్నారు. ఇప్పుడు నలిగిన చేతికి ఇచ్చిన ముద్ద కక్కమంటున్నారు.

సాయంత్రం దానియేలు మా గది గుమ్మం దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"నా పేరు తీసెయ్ చెల్లెమ్మా."

"ఏటన్నావు?"

"వెనక్కి కట్టమంటే నేనెక్కడ తెత్తాను? ఉన్న వాటా కూడా లాక్కుంటారు. కింద గదిలో పడుంటాన్లే. ఎన్నాళ్లుంటే అన్నాళ్లు."

నాకు కోపం వచ్చింది. అతని మీద రావాల్సిన కోపం కాదు, అయినా ఎదురుగా ఉన్నది అతనే. "రేపట్నుంచి దగ్గడానిక్కూడా కంపెనీని అడిగి దగ్గన్నా," అన్నాను.

అతను తల వంచుకుని వెళ్లిపోయాడు. మెట్ల పక్క కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టే దిగాడు. మధ్యలో ఆగి ఊపిరి తీసుకున్నాడు.

"ఆ మాట తప్పు అక్కా," అంది సూరమ్మ.

"తెలుసు."

"తెలిసినా అన్నావు. మరింకేటి, నువ్వూ కంపెనీ ఒకటే."

నేను దీపం ఆర్పేశాను. సూరమ్మ గంజి తాగనని అంది. బతిమాలి తాగించాను.

పదమూడో నమోదు

విచారణ మా పంటు మీదే, భోజనాల గదిలో జరిగింది. తీర్పరి కాత్యాయని గారు ప్రభుత్వ బోటులో వచ్చారు. పొట్టి మనిషి, నెరిసిన జుట్టు. పంటు ఊగుతుంటే బల్ల అంచు పట్టుకుని కూర్చున్నారు. మీ లాయరు రాలేదు. నీళ్లంటే పడదని తెర మీద కనిపించాడు. అతని వెనక గోడ మీద పూలకుండీ ఉంది. నిజం పూలు.

ముందు వరసలో దానియేలు కూర్చుని ఉన్నాడు. తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకున్నాడు. నేను పక్కన కూర్చోబోతే జరిగి చోటిచ్చాడు.

"పేరు తీసెయ్యలేదన్నా," అన్నాను మెల్లగా. "ఆ రోజు అన్నది మనసులో పెట్టుకోకు."

"నువ్వు తీసేసినా నేను వచ్చేవోణ్ణే. గదికెళ్లేక కోపం వచ్చింది," అన్నాడు. "నీ మీద వచ్చింది ముందు. తరవాత ఆళ్ల మీద వచ్చింది."

లాయరు మొదలుపెట్టాడు. వ్యాయామం వల్ల వీరికి మేలు జరిగిందనీ, ఆ కదలికల్ని వృథా పోనివ్వకుండా కంపెనీ సద్వినియోగం చేసిందనీ చెప్పాడు. "ఒక మనిషి చెమట పడి మొక్క తడిస్తే, ఆ చెమటకు జీతం అడుగుతారా?" అన్నాడు.

"ఆ సెమట సీసాలో పోసి మీరు అమ్ముకుంటంటే అడుగుతామండి," అన్నాను.

గదిలో నవ్వులు లేచాయి. కాత్యాయని గారు నవ్వలేదు. "అమ్మా, మీ వంతు వచ్చినప్పుడు మాట్లాడండి," అన్నారు. కానీ ఏదో రాసుకున్నారు.

తర్వాత యశస్విని లేపారు.

"ఈవిడ ఆకుపచ్చ దారాలు తెంపిన రోజు మీరు పరుగెత్తుకుంటూ వచ్చారా?"

"వచ్చానండి."

"ఎందుకు?"

యశస్వి తెర మీద లాయరును చూశాడు. లాయరు పెదవులు కదిలాయి, మాట వినపడలేదు. యశస్వి వేళ్లు విరుచుకున్నాడు. ఆయన దగ్గర ఎప్పుడూ మెత్తని మాటలు సంచి నిండా ఉంటాయి. ఆ క్షణంలో చెయ్యి పెడితే ఒక్కటీ తగిలినట్టు లేదు.

"పదకొండో పంటు మీద కోత పాడైపోతోందని పైనుంచి ఫోన్ వచ్చిందండి," అన్నాడు.

"ఆ కోత ఈవిడ చేతులతో జరుగుతోందని మీకు తెలుసా?"

"తెలుసండి."

ధైర్యం చేశాడని నేను రాయను. అబద్ధం అందక నిజం పట్టుకున్నాడు. ఎలా పట్టుకున్నా మా పనికి వచ్చింది. ఆయన కూర్చుని నుదురు తుడుచుకున్నాడు. ఎవరో మంచినీళ్ల గ్లాసు అందించారు. నేను అందించలేదు.

అప్పుడు సూరమ్మ వంతు వచ్చింది. నలుగురం కలిసి మంచంతో సహా మోసుకొచ్చి గది మధ్యలో దించాం. గ్లౌజుకు చెయ్యి ఆడదు కాబట్టి సూరమ్మ ఒక్క దారం కూడా తెంపలేదు. ఆ సంగతి లాయరు ముందే పసిగట్టాడు. "ఈవిడ ఎలాంటి పనీ చెయ్యలేదు. వాటా ప్రశ్నే లేదు," అన్నాడు.

"నువ్వు చెప్పదల్చుకున్నది చెప్పమ్మా," అన్నారు కాత్యాయని గారు.

సూరమ్మకు తల తిప్పడం కుదరదు కాబట్టి పైకప్పును చూస్తూనే మాట్లాడింది.

"నేను పని సెయ్యలేదండి. ఆయన నిజమే సెప్పేడు. పని సేస్తంటేనే కదండీ దూలం పడింది, తరవాతెలా సేత్తాను? భత్యం తీసుకున్నన్నాళ్లూ వాటా ఆపుతామంటన్నారు. ఆపుకోమనండి. నా వయసు కూడా ఆపమనండి. దెబ్బ తగిలినోళ్లం ముసలోళ్లం అవ్వకుండా కంపెనీవోళ్లు ఏదైనా సేస్తే, నాకు వాటా అక్కర్లేదండి."

 లాయరు కాగితాలు సర్దుకున్నాడు. కాత్యాయని గారు బల్ల అంచు వదిలి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఈసారి పంటు ఊగడం లేదు.

పదహారో నమోదు

తీర్పు వచ్చింది. మీరూ చదివే ఉంటారు, అందుకే పోయిన రెండు వారాలూ మీ ప్రశ్నల్లో ప్రశాంతత ఊసు లేదు.

గ్లౌజు తొడుక్కున్న కాలమంతా పనికాలమే. దానికి జీతం, వాటా రెండూ కంపెనీ ఇవ్వాలి. దెబ్బ దెబ్బే కాబట్టి భత్యం ఎవరూ వెనక్కి కట్టనక్కర్లేదు.

దానియేలు వాటా నిండిపోయింది. రోజూ బుద్ధిగా కూర్చుని తెంపినందుకు అందరికంటే ఎక్కువ అతనికే వచ్చింది. సగం రోజులు ఎగ్గొట్టిన నాకు వచ్చింది స్వల్పం. ఇంకా కొన్నేళ్లు నీళ్ల మీదే నా బతుకు. దీన్ని తలుచుకుని మీరు నవ్వుకోవచ్చు. నేనూ నవ్వుకున్నాను.

సూరమ్మకు ఏమీ రాలేదు. పని చెయ్యని కాలానికి వాటా ఇమ్మనే మాట చట్టంలో లేదని కాత్యాయని గారు రాశారు. "ఈమె లేవనెత్తిన ప్రశ్న వేరే దావాగా పెద్ద బెంచి ముందు వినదగినది" అని కింద ఒక వాక్యం చేర్చారు. పెద్ద బెంచి కొండ మీద పట్నంలో ఉంది. అక్కడ దావా వేస్తే తేదీ వచ్చేసరికి జుట్టు నెరుస్తుందని అందరూ చెప్పారు. వేశాం. సూరమ్మ ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

కంపెనీ గ్లౌజులు పట్టుకుపోయింది. వ్యాయామ గదికి తాళం వేశారు. మా వేళ్లకు అంత మేలు చేసే వ్యాయామం ఒక్క వారంలో అక్కర్లేకుండా పోయింది. పదకొండో పంటు మీదకు జీతాలిచ్చి మనుషుల్ని పంపారు. ఆ నాచు డబ్బా మీద ఇప్పుడు "ఆప్యాయంగా మనిషి చెయ్యి తాకిన నాచు" అని వేస్తున్నారు. ధర ఇంకా పెంచారు. వీళ్లను ముంచడం సముద్రం వల్ల కూడా కాదు.

దానియేలు క్రిస్మస్‌కు నెల ముందే వెళ్లాడు. ఒక ట్రంకు పెట్టె, చుట్టిన పరుపు. బోటు ఎక్కేముందు సూరమ్మ దగ్గర కూర్చుని ఏదో మాట్లాడాడు. బయటికి వచ్చినప్పుడు కళ్లు తుడుచుకుంటున్నాడు. నాతో, "వస్తాను చెల్లెమ్మా," అని మాత్రం అన్నాడు.

ఇరవై ఒకటో నమోదు

నన్ను తేలికపాటి పనిలోకి తీసుకున్నారు. భత్యం ఆగింది. ఇక ఇది రాసి పంపాల్సిన పని లేదు. పంపడం లేదు, నా కోసం రాసుకుంటున్నాను. చదివేవాడు లేకపోతే తిట్టడంలో కొంత రుచి తగ్గింది.

సెలవు పెట్టి మెరకకు వెళ్లాను. బోటు దిగి, కొండ ఎక్కే బస్సు పట్టుకున్నాను. నేల కదలకపోతే నాకు కళ్లు తిరిగాయి. బస్టాండులో పెద్ద బొమ్మ ఒకటి వేలాడుతోంది. దానియేలు. నవ్వుతున్నాడు. కింద, "మా కార్మికుల మెరక మా బాధ్యత. నీలిపంట" అని అక్షరాలు. నాకు అక్కడే రోడ్డు మీద వాంతి చేసుకోవాలనిపించింది. కళ్లు తిరగడం వల్ల కొంత, బొమ్మ వల్ల ఎక్కువ.

దానియేలు గది చిన్నది. కిటికీ ఉంది. నన్ను చూడగానే సంబరపడిపోయి ముందు దండెం చూపించాడు.

"పొద్దున్న ఆరేస్తే మద్దేన్నానికి ఆరిపోతన్నాయి చెల్లెమ్మా! ముట్టుకు చూడు."

ముట్టుకున్నాను. లుంగీ గరగరలాడింది. అతను దగ్గడం లేదని అప్పుడు గమనించాను.

"ఆ బొమ్మేంటన్నా?"

"గది తాళం ఇచ్చినప్పుడు ఫొటో తీసేరు. బాగానే వచ్చేనుగా?"

నాకు ఒళ్లు మండింది.  కంపెనీ గది ఇచ్చింది, ఫొటో తీసుకుంది, మనిషి మెత్తబడ్డాడు, అంతే కదా అనుకున్నాను. అతను సూరమ్మ ఎలా ఉందని కూడా అడగలేదు. టీ తాగగానే లేచి చెప్పులు వేసుకున్నాడు.

"నాకు కొంచెం పనుంది. నువ్వు పడుకో, వచ్చేత్తాను."

"ఏం పని?"

"మంగళవారం మంగళవారం ఉంటాది."

కంపెనీ వాళ్ల పనే అయ్యుంటుందని నాకు అనుమానం. ఇంకో ఫొటో, ఇంకో నవ్వు. నేనూ వస్తానని వెంట నడిచాను. వీధి ఎగువన ఎర్రరాయి మేడ ఉంది. మెట్ల మీద కాపలావాడు దానియేలుకు నమస్కారం పెట్టాడు. లోపల బల్ల వెనక కూర్చున్న గుమాస్తా తల ఎత్తి, "వచ్చేశారా దానియేలు గారూ! మీరు రాకపోతే మాకు మంగళవారం అని తెలీదండీ బాబూ," అన్నాడు.

అది పెద్ద బెంచి కార్యాలయం. మెరకకు వచ్చిన మొదటి వారం నుంచి దానియేలు అక్కడికి వస్తున్నాడు. సూరమ్మ దావాకు తేదీ ఎప్పుడని అడుగుతాడు. తెలియదంటారు. గోడ పక్కన బెంచీ మీద కూర్చుంటాడు. మూసే వేళకు లేచి ఇంటికి పోతాడు. బోటు ఎక్కేముందు సూరమ్మకు మాట ఇచ్చాడట. మాట నిలబెట్టుకునేదాకా నాకు చెప్పొద్దని ఆమెతో అన్నాడట.

"నాకెందుకు చెప్పొద్దన్నావు?" అన్నాను.

"తేదీ రాకపోతే నువ్వు తిడతావు కదా చెల్లెమ్మా."

గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. "ఈ రోజు కూర్చోనక్కర్లేదండి. సంక్రాంతి సెలవులయ్యాక మొదటి వారంలో వేశారు. ముగ్గురు తీర్పరులు వింటారు. భత్యం కాలానికి వాటా నడవాలా వద్దా అనే ఒక్క ప్రశ్నే. ఆవిడ రాగలరా? తెర మీదైనా చెప్పొచ్చు."

"తెర మీద ఎందుకండీ?" అన్నాడు దానియేలు. "మంచంతో సహా మోసుకొత్తాం. మనిషిని చూసి చెప్పమనండి."

గుమాస్తా ఫోను వాడుకోనిచ్చాడు. మా పంటుకు కలిపి, సూరమ్మ చెవి దగ్గర పెట్టమని అవతలి వాళ్లకు చెప్పాను. దానియేలు నా భుజం పక్కన వంగి నిలబడ్డాడు. తేదీ వచ్చిందని, మేమే వచ్చి తీసుకొస్తామని చెప్పాను.

 ఫోనులో నీళ్లు పంటును కొట్టుకునే చప్పుడు వచ్చింది. 

"అక్కా," అంది సూరమ్మ. "మెరక మీద సలేత్తాదా?"

"వేస్తాది," అన్నాను. "దుప్పటి తెచ్చుకో."